నీళ్ళ మీద నడిచిన మంగళవారం

పోయిన మంగళవారం పొద్దున తొమ్మిదీ ఇరవైకి, ఊరికి తాగునీళ్ళు తెచ్చే పెద్ద పైపు తొమ్మిదో కిలోమీటరు రాయి దగ్గర పగిలిందనీ, ఎగజిమ్మిన నీళ్ళ తాకిడికి పక్కనున్న లాండ్రీ కొట్టు గోడ కూలి, ఆ కొట్టు నడిపే ఆవిడకి తుంటి ఎముక విరిగిందనీ ఊరందరికీ తెలుసు. ఆ పైపు వెంబడి రోజూ పదకొండు కిలోమీటర్లు నడిచి, ఎక్కడైనా చెమ్మ కనిపించినా బుస వినిపించినా కబురు చెయ్యడం ఒక పెద్దాయన ఉద్యోగం. నడిచినందుకు రుజువు, చేతి వాచీ మ్యాపు మీద గీసే గీత. ఆ గీత తాలూకు ఫైలు పొద్దున పదింటిలోపు ఆఫీసుకి చేరాలి. ఆ మంగళవారం మోకాలు వాచి మంచం దిగలేదని ఆయన ఫోన్‌ చేస్తే, ఆయన కూతురు, తండ్రి పోయినేడాది నడిచిన నడక ఒకటి తీసి, తేదీ మార్చి, ఎనిమిదీ యాభైకి పంపేసింది. సరిగ్గా అరగంటకి పైపు పగిలింది.

ఇవాళ సోమవారం. నాలుగింటికి విచారణ కమిటీ కూర్చుంటుంది. ఆ లోపు ఒకసారి తన గదికి రమ్మని, తండ్రికి పై అధికారి అయిన ఇంజనీరమ్మ తండ్రీకూతుళ్ళిద్దరికీ కబురు పెట్టింది. రెండున్నరకి వాళ్ళు పంపు హౌసు మెట్లెక్కారు.

ఇంజనీరమ్మ గది రెండో అంతస్తులో ఉంది. కింద పంపులు తిరుగుతుంటే గది నేల సన్నగా వణుకుతూ ఉంటుంది. బల్ల మీద గాజు గ్లాసులో నీళ్ళు ఒక్క క్షణం కూడా నిలకడగా ఉండవు, చిన్న చిన్న వలయాలుగా కదులుతూనే ఉంటాయి. గోడ నిండా పైపులైను మ్యాపు. కిటికీకి ఊచలు. సందర్శకులకి ఉన్నది ఒకటే కుర్చీ.

అటెండరు ఎక్కణ్ణుంచో ఇంకో కుర్చీ మోసుకొచ్చాడు. "అమ్మాయ్, దీనికి మూడు కాళ్ళే నమ్మకమైనవి. నాలుగోదాని మీద బరువు వెయ్యకు," అని చెప్పి, పోతూ పోతూ బల్ల మీది ఫ్యాను తండ్రి వైపు తిప్పాడు. ఎవరూ అడగలేదు. ఆ చల్లగాలికి తండ్రి కళ్ళు ఒక్కసారి మూసుకుని తెరుచుకున్నాయి.

"మోకాలు ఎలా ఉంది బాబాయ్?" అంది ఇంజనీరమ్మ.

"ఉంది మేడమ్."

"ఉందని కనిపిస్తూనే ఉందిలే. ఎలా ఉందని అడుగుతున్నా."

ఆయన నవ్వబోయి మానుకున్నాడు. అప్పుడే బల్ల మీది కంప్యూటరు 'టంగ్‌'మంది. కూతురు ఉలిక్కిపడింది.

"కంగారుపడకు. మూడో సెక్షను ఆయన నడక ఇప్పుడొచ్చింది. మా వాళ్ళలో ఎవరు నడక సేవ్‌ చేసినా ఇక్కడ గంట కొడుతుంది. రోజుకి పద్నాలుగు సార్లు. చెవులు చిల్లులు పడుతున్నాయనుకో," అంటూ ఇంజనీరమ్మ కంప్యూటరు తెరని వాళ్ళ వైపు తిప్పింది.

తెర మీద మ్యాపు, మ్యాపు మీద నీలం గీత. కూతురికి ఆ గీత కొత్తది కాదు. తనే కూర్చుని చేసింది.

"మంగళవారం మీ నడక. ఆరున్నరకి మొదలు. ఎనిమిదీ పన్నెండుకి తొమ్మిదో రాయి దాటారు. ఆగలేదు. గంటలో పగలబోయే పైపు పక్కనుంచి, చెవుల్లో దూది పెట్టుకున్నవాడిలా వెళ్ళిపోయారు. కమిటీ వాళ్ళు దీని కిందే ఎర్ర గీత కొట్టారు. లాండ్రీ ఆవిడ తుంటి విరగడానికి కారణం ఎవరయ్యా అంటే, ఈ ఫైలు ప్రకారం మీరే."

తండ్రి చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి.

"కానీ నేను వాళ్ళ కంటే ఇంకాస్త చూశాను," అని ఇంజనీరమ్మ మ్యాపుని పెద్దది చేసింది. ఐదో రాయికీ ఆరో రాయికీ మధ్య, ఆకుపచ్చగా కాలవ. నీలం గీత గట్టు దాకా వచ్చి, నేరుగా కాలవ మీదుగా అవతలి గట్టుకి వెళ్ళింది. "ఈ కాలవ వెడల్పు ఎంత బాబాయ్‌?"

"నలభై అడుగులు."

"ఎలా దాటారు?"

తండ్రి వాచీ పట్టీ సర్దుకున్నాడు.

"ఇక్కడ కాలినడక వంతెన ఉండేది. కూలిపోయేలా ఉందని తీసేసి నాలుగు నెలలైంది. అప్పట్నుంచీ మీరు లాకుల రోడ్డు మీదుగా చుట్టు తిరిగి వెళ్తున్నారు. మీ మిగతా నడకలన్నీ అలాగే ఉన్నాయి. ఒక్క మంగళవారం మాత్రం నీళ్ళ మీద నడిచారు. నడవడమే కాదు, నడిమధ్యన నాలుగు నిమిషాలు నిలబడ్డారు కూడా."

కూతురు చెవులు వేడెక్కాయి. ఆమె ఉద్యోగమే దొంగ నడకలు పట్టుకోవడం. ఎవరింటి దగ్గర వాళ్ళు పరుగెత్తి, ఫైలు పంపి పతకం తెప్పించుకునే పోటీలు నడిపే సంస్థ అది. స్కూటరెక్కి పరుగు తీసినవాణ్ణీ, తమ్ముడి చేతికి వాచీ కట్టి పంపినవాణ్ణీ గీత చూసే పట్టేస్తుందని ఆఫీసులో ఆమెకి డేగకన్ను అని పేరు. అటువంటిది, తండ్రి కోసం చేసిన దొంగ నడకలో తేదీ దిద్దింది, వారం సరిచూసింది, వాచీ రాసిన గుండె కొట్టుకునే లెక్క తీసేసింది. వంతెన సంగతి ఆమెకి తెలియదు. వాచీ తాలూకు యాప్‌ మ్యాపులో వంతెన ఇంకా ఉంది.

ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన తెర మీద ఆ నాలుగు నిమిషాల చుక్కనే చూస్తున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. ఆ కాలవ గట్ల మీద ఎక్కడా సిగ్నలు ఉండేది కాదు, వంతెన మధ్యలోనే అందేది. రోజూ అక్కడికి వచ్చే వేళకి అమ్మ ఫోన్‌ చేసేది. తిన్నావా అనేది. ఇంకా లేదనేవాడు. డబ్బాలో పెట్టింది నువ్వే తిను, దారిలో కుక్కలకి వెయ్యకు అనేది. అమ్మ పోయి ఎనిమిది నెలలు. తర్వాత వంతెన కూడా పోయింది. ఆగిన నిమిషాలు కత్తిరించడం కూతురికి చిటికెలో పని. ఎందుకు కత్తిరించలేదో ఆ రోజు తనకే తెలియలేదు.

"ఇది నీ పనే కదా చెల్లీ?" ఇంజనీరమ్మ గొంతులో కోపం లేదు. "తప్పు పట్టడం లేదు. మా నాన్నకి బాలేకపోతే నేనూ ఇదే చేసేదాన్నేమో. కానీ మీరిప్పుడు అడకత్తెరలో పోకచెక్కలా ఉన్నారు. ఫైలు నిజమంటే బాబాయ్‌ నిర్లక్ష్యం, ఒక మనిషి మంచాన పడింది. అబద్ధమంటే దొంగ రికార్డు, అది చేసిన చెయ్యి ఎవరిదని వెతుకుతారు."

"మరి మేమేం చెయ్యాలి మేడమ్?" అంది కూతురు.

ఇంజనీరమ్మ సొరుగులోంచి ఒక కాగితం తీసింది. అప్పటికే టైపు చేసి ఉంది. మోకాలి నొప్పి వల్ల మంగళవారం నేను ఇల్లు కదల్లేదు, పొరపాటున పాత ఫైలు పంపాను, క్షమించగలరు. అంతే. కింద సంతకానికి చోటు.

"ఇందులో అమ్మాయి పేరు లేదు. పొరపాటున అని రాయించాను. బాబాయ్‌ని కొన్నాళ్ళు పక్కన పెడతారు, అంతకంటే ఏం కాదు. నేను చూసుకుంటాను." ఆమె గ్లాసు ముందుకి జరిపింది. "తాగండి బాబాయ్‌. ఇంకో రెండు చిన్న పనులున్నాయి. ఆ వాచీ ఇచ్చేసి వెళ్ళండి, కమిటీ ముందు పెట్టాలి. లాంఛనం. చెల్లీ, నువ్వు ఆ యాప్‌లో నాన్న అకౌంటు మొత్తం తీసెయ్‌. పాత నడకలు ఎవడైనా తవ్వితే ఇలాంటివి ఇంకెన్ని బయటపడతాయో."

"ఇంకేమీ లేవండీ. అదొక్కటే."

"లేకపోతే మరీ మంచిది. తీసెయ్‌. బయట బెంచీ మీద కూర్చుని నింపాదిగా చదువుకోండి. మూడున్నరకి కాగితం, వాచీ రెండూ నాకిస్తే చాలు."

తండ్రి లేచాడు. లేచేటప్పుడు బల్ల అంచు పట్టుకోవాల్సి వచ్చింది. ఇంజనీరమ్మే వచ్చి మోచెయ్యి పట్టుకుని తలుపు దాకా దిగబెట్టింది.

*

వరండా పొడుగ్గా, ఇరుగ్గా ఉంది. రెండు వైపులా మూసిన తలుపులు. మెట్ల వైపు గేటు దగ్గర సందర్శకులు బయటికి పోయేటప్పుడు చీటీ చూపించాలి. ఆ చీటీ మీద ఇంజనీరమ్మ సంతకం కావాలి. బెంచీ ఆమె గది తలుపుకి ఆనుకునే ఉంది. లోపల కుర్చీ కిర్రుమంటే ఇక్కడ వినిపిస్తోంది.

తండ్రి జేబులోంచి పెన్ను తీశాడు. కాగితాన్ని తొడ మీద పెట్టుకుని, గాలికి ఎగరకుండా బొటనవేలితో నొక్కాడు.

"ఆగు నాన్నా."

"ఏముందమ్మా ఆగడానికి. మంచి మనిషి. నీ పేరు రాకుండా చూస్తానంటోంది."

"చదివావా?"

"చదివాను. అక్షరం తప్పు లేదు."

"నువ్వు అక్షరాలే చూస్తావు." ఆమె గొంతు తగ్గించింది. "నాన్నా, నాకొకటి అర్థం కావట్లేదు. నేను ఈ పని ఆరేళ్ళుగా చేస్తున్నాను. దొంగ నడక పంపినవాడు దొరికితే మొదట చేసే పని అకౌంటు చెరపడం. పట్టుకునేవాళ్ళు మొదట చెప్పే మాట ఏదీ చెరపొద్దని. చెరిపెయ్యమని చెప్పిన తనిఖీదారుని నేనింతవరకూ చూళ్ళేదు."

"మన మంచికే చెప్పిందేమో."

"అయ్యుండొచ్చు. చెరిపేముందు ఒకసారి చూస్తాను."

తండ్రి అకౌంటు ఆమె ఫోన్లోనే ఉంది. వాచీ కొనిచ్చింది తనే, యాప్‌ పెట్టింది తనే. ఆయనకి తెలిసింది ఒక్కటే, పొద్దున పని మొదలెట్టేటప్పుడు కుడివైపు మీట నొక్కడం, అయిపోయాక మళ్ళీ నొక్కడం. ఆమె నడకల జాబితా తెరిచింది. సోమవారం ఉంది. బుధవారం ఉంది. మధ్యలో తను దూర్చిన మంగళవారం. అంతా తెలిసిందే.

జాబితా అడుగున బూడిద రంగులో ఒక వరస ఉంది. దాన్ని ఆమె ఎప్పుడూ తెరవలేదు. తెరవాల్సిన అవసరం రాలేదు. 'సేవ్‌ చేయని నడకలు: 1'.

మీట నొక్కకపోయినా, చెయ్యి నడిచే తీరుని బట్టి ఆ వాచీ నడకని తనంతట తనే గుర్తుపడుతుంది. ఏడు రోజులు దాచి ఉంచుతుంది. ఎవరూ పట్టించుకోకపోతే పారేస్తుంది.

ఆమె తెరిచింది.

మంగళవారం. మొదలు 5:41. ఇంటి దగ్గర్నుంచి బయల్దేరిన సన్నని గీత వీధి చివర మలుపు తిరిగి, పైపు గట్టెక్కి, తొమ్మిదో రాయి దగ్గర ఆగింది. ఇరవై మూడు నిమిషాలు అక్కడే ఉంది. తర్వాత అదే దారిన వెనక్కి ఇంటికి. వెనక్కి వచ్చేటప్పుడు అడుగులు పొట్టిగా ఉన్నాయి, కుంటే మనిషి అడుగుల్లా. కింద ఎర్రటి గుండె లెక్క. నడిచినంత సేపూ తొంభై దాటలేదు. నిలబడ్డ ఇరవై మూడు నిమిషాల్లో మాత్రం నూట పద్దెనిమిది.

ఆమె ఫోన్‌ తండ్రి తొడ మీద, ఆ కాగితం మీద పెట్టింది.

"మంచం దిగలేదన్నావు."

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు. గీతని గుర్తుపట్టడానికి ఆయనకి క్షణం పట్టలేదు. ఏ మలుపు ఎక్కడో ఆయన కాళ్ళకి తెలుసు.

"నేను మీట నొక్కలేదే," అన్నాడు.

"ఆ మాటా నువ్వనేది?" ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపంతో. "నేను నీ కోసం నా ఉద్యోగం పణంగా పెట్టి దొంగపని చేశాను. నువ్వు నాతో కూడా అబద్ధమాడావు. లీకు చూశావా లేదా? చెప్పు నాన్నా. చూసి ఊరుకున్నావా?"

"గట్టిగా అరవకు తల్లీ."

"లాండ్రీ ఆవిడ మూడు నెలలు లేవదట. చూసి ఊరుకున్నావా?"

"ఊరుకోలేదు." ఆయన పెన్నుకి మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. "సోమవారమే నాకు బుస వినిపించినట్టయింది. సాయంత్రమంతా మనసులో పీకుతూనే ఉంది. తెల్లారకుండానే వెళ్ళి చూశాను. వాల్వు మూత చుట్టూ చెమ్మ. చెయ్యి పెడితే లోపల అదురుతోంది. అక్కణ్ణుంచే ఫోన్‌ చేశాను."

"ఎవరికి?"

ఆయన తల తిప్పి, బెంచీ పక్కనున్న తలుపు వైపు చూశాడు.

లోపల ఇంజనీరమ్మ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. నవ్వు వినిపించింది.

"ఏమంది?" కూతురు గొంతు గుసగుసలోకి దిగింది.

"ఆ రోజు తొమ్మిదింటికి పై అధికార్లు కొత్త ట్యాంకు చూడ్డానికి వస్తున్నారట. ఇప్పుడు లైన్లో నీళ్ళు కట్టేస్తే నా మొహాన ఉమ్మేస్తారు, మధ్యాహ్నం దాకా ఓపిక పట్టు అంది. నువ్వు అక్కడ నిలబడ్డట్టు ఫైల్లో వస్తే, తెలిసీ ఎందుకు కట్టలేదని నన్నడుగుతారు, అందుకని ఇవాళ మామూలుగా నడిచినట్టే ఏదో ఒకటి పంపించు అంది. మోకాలు అప్పటికే వాచింది. నీకు ఫోన్‌ చేశాను."

"ఆవిడ చెబితే నువ్వు వినడమేంటి నాన్నా! ముప్ఫై ఏళ్ళ సర్వీసు నీది."

"మీ అమ్మ ఆసుపత్రిలో ఉన్న మూడు నెలలూ నేను సగం లైనే నడిచాను. మిగతా సగం ఆవిడే ఇంకొకడి చేత నడిపించింది. ఎక్కడా కాగితం మీద పెట్టలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆ మూడు నెలలూ పదింటికల్లా మీ అమ్మ పక్కన ఉన్నాను. అది ఆవిడ పెట్టిన భిక్షే కదమ్మా. ఆ గొంతు ఒక్క పూట ఓపిక పట్టమంటే, కాదని ఎలా అనను?"

కూతురు గోడకి తల ఆనించింది. కింద పంపుల అదురు గోడలోంచి తలలోకి పాకింది.

"ఫోన్‌ చేసినట్టు నీ దగ్గర ఉంటుంది కదా."

"ఐదూ యాభై ఎనిమిదికి, నాలుగు నిమిషాలు. సెలవు అడిగాడు అంటుంది. మాటలకి గీత ఉండదు. అక్కడికి వెళ్ళినట్టే రుజువు లేదనుకున్నాను."

"ఇప్పుడుంది."

"ఉంటే? తీసి బయటికి పంపగలవా?"

ఆమె ఆలోచించింది. ఆమెకి తెలిసిన విద్యే ఇది, అయినా ప్రతి దారీ గోడ దగ్గరే ఆగుతోంది. ఫైలు బయటికి తియ్యాలంటే ముందు నడకని సేవ్‌ చెయ్యాలి. సేవ్‌ చేస్తే, ఆఫీసుతో ముడిపడ్డ అకౌంటు గనక, ఆ క్షణమే లోపల గంట కొడుతుంది, ఫైలు బయటికి చేరేలోపు ఆవిడ దాన్ని చెరిపెయ్యనూ గలదు. ముడి విప్పాలంటే ఆఫీసు ఒప్పుకోవాలి. తెరని ఫొటో తీసుకోవచ్చు, కానీ ఫొటోలు ఎంత సులువుగా తయారవుతాయో ఆమె కంటే తెలిసినవాళ్ళెవరు? వాచీ మూడున్నరకి ఇచ్చెయ్యాలి. ఇవ్వకుండా ఇంటికి పోదామంటే గేటు చీటీ మీద సంతకం లేదు. పోయినా, రేపు తెల్లవారుజామున 5:41కి ఏడు రోజులు నిండుతాయి.

"వద్దమ్మా," అన్నాడు తండ్రి, ఆమె మొహం చూసి. "అది బయటికొస్తే నువ్వు చేసిన పాత ఫైలు కూడా దాంతోనే వస్తుంది. డేగకన్నే దొంగ నడక నడిపించిందని మీ వాళ్ళు గోడకంటిస్తారు. నాదేముంది, పండుటాకుని. సంతకం పెట్టేస్తాను. నీ పేరు ఎక్కడా రాదు."

"శనివారం లాండ్రీ ఆవిడని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్ళావు కదా. ఏమందావిడ?"

ఆయన మొహం తిప్పుకున్నాడు. "ఏమంటుంది పాపం. కాలికి బరువు కట్టారు. అంత నొప్పిలోనూ, నీ మోకాలెలా ఉందన్నయ్యా అని అడిగింది. ఎవరో చెప్పారట. కిటికీ తెర కొంచెం పక్కకి లాగమంది, ఎండ చూస్తానని. లాగి వచ్చేశాను."

"నువ్వు సంతకం పెడితే ఆవిడకి జరిగింది ఉత్త ప్రమాదం నాన్నా. ఎవరికీ తెలీదు, ఎవరూ చూళ్ళేదు. రేపు ఇంకో రాయి దగ్గర ఇంకొకళ్ళు బుస విని ఫోన్‌ చేస్తే, మళ్ళీ మధ్యాహ్నం దాకా ఓపిక పట్టమంటారు. నా ఉద్యోగం సంగతి నేను పడతాను. తప్పు చేశాను, అనుభవిస్తాను. నువ్వు చెయ్యని తప్పుకి మాత్రం..."

అటెండరు రెండు కప్పుల టీ తెచ్చి బెంచీ మీద పెట్టాడు. ఇద్దరి మొహాలూ చూశాడు. "చక్కెర ఎక్కువేశాను. ఇక్కడ కూర్చునేవాళ్ళకి అది కావాలి," అని, తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

తండ్రి టీ ముట్టుకోలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కప్పు కింద ఉంచాడు. ఫోన్‌ చేతిలోకి తీసుకుని ఆ సన్నని గీతని మరోసారి చూశాడు. ఇంటి నుంచి రాయి దాకా, రాయి నుంచి ఇంటి దాకా.

"ఎక్కడ నొక్కాలి?" అన్నాడు.

"నాన్నా, నొక్కగానే లోపల..."

"తెలుసు. ఎక్కడ నొక్కాలో చెప్పు. మంగళవారం నొక్కవలసింది నొక్కలేదు."

ఆమె చూపించింది. ముప్ఫై ఏళ్ళు వాల్వులు తిప్పిన బొటనవేలు అది, చర్మం మొద్దుబారిపోయింది. మొదటిసారి నొక్కితే ఫోన్‌ పట్టించుకోలేదు. ఆయన వేలిని చొక్కాకి తుడుచుకుని, ఈసారి నెమ్మదిగా, వాల్వు మూత మీద అదురు చూసినట్టు ఆనించాడు.

తలుపు అవతల 'టంగ్‌'మంది.

లోపలి నవ్వు ఆగిపోయింది. కూతురు ఫోన్‌ లాక్కుని, ఫైలు తన మెయిలుకి పోయే 'ఎగుమతి' మీట నొక్కింది. తెల్లటి చక్రం తిరగడం మొదలైంది. పది శాతం. పద్నాలుగు. కుర్చీ కిర్రుమన్న చప్పుడు, తర్వాత గచ్చు మీద చెప్పుల చప్పుడు. ఇరవై రెండు. అక్కడే, ఆ అంకె దగ్గరే చక్రం నత్తనడక నడుస్తోంది. తండ్రి లేచి నిలబడి, వాచిన మోకాలితోనే, తలుపుకీ కూతురికీ మధ్య నిలుచున్నాడు.

తలుపు తెరుచుకుంది. ఏళ్ళ తరబడి ఆయన్ని బాబాయ్‌ అని తప్ప పిలవని మనిషి గడపలో నిలబడి ఉంది.

"ఏమయ్యా," అంది ఇంజనీరమ్మ, చెయ్యి చాపుతూ. "ఆ ఫోన్‌ ఇలా తే."